బావగారి నడుం కొలత

మార్చి 9

పాపకి పట్టీలు వేశారు.

ఎడమ తుంటిలో ఎముక బంతి దాని గిన్నెలో కూర్చోలేదట. పుట్టుకతోనే అంతట. ఎముకల డాక్టరమ్మ తన పిడికిలిని రెండో అరచేతిలో పెట్టి చూపించింది. ఇలా ఉండాలి, ఇలా జారి ఉంది అంది. రెండు కాళ్ళూ మడిచి ఎడంగా పట్టి ఉంచితే బంతి తనంతట తానే గిన్నెలోకి వెళ్ళి కూర్చుంటుందట. అందుకే భుజాల మీంచి పాదాల దాకా ఈ పట్టీలు. పగలూ రాత్రీ తీయకూడదు. స్నానానికైనా తీయకూడదు, తడిగుడ్డతో తుడవాలి. తీస్తే మళ్ళీ జారుతుంది అని గట్టిగా చెప్పింది. ఏ పట్టీ ఎక్కడిదాకా లాగాలో పెన్నుతో గీతలు పెట్టింది.

మా అమ్మాయి తలూపింది. నేనూ ఊపాను. బావగారు మాత్రం, మరీ కప్పలా ఉంది కదండీ డాక్టరుగారూ అన్నారు. కప్పలా ఉండటమే కావాలండీ అంది డాక్టరమ్మ.

బావగారంటే అల్లుడి తండ్రి. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. సోఫాలో కూడా నిటారుగానే కూర్చుంటారు. వీధి పిల్లలు అటెన్షన్ తాత అంటారు. నేను టైలర్ని. కుట్టీ కుట్టీ వంగిపోయాను. ఇద్దరికీ భార్యలు లేరు. పాప పుట్టినప్పటి నుంచి ఇద్దరం ఈ ఇంట్లోనే ఉంటున్నాం. అల్లుడు లారీ ఎక్కితే మళ్ళీ ఎప్పుడు దిగుతాడో తెలీదు. అమ్మాయికి టిక్కెట్ల కౌంటర్లో ఉద్యోగం, కాన్పు సెలవు అయిపోయింది. రేపటి నుంచి పొద్దున పూట పాప బావగారి దగ్గర. నేను షాపు కట్టేసి వచ్చాక నా దగ్గర.

ఈ డైరీ బొత్తాల కంపెనీ వాళ్ళు ఊరికే ఇచ్చారు. మాట్లాడటం నాకు చేతకాదు. రాయడం కొంచెం వచ్చు.

మార్చి 10

రాత్రంతా ఏడ్చింది. పొద్దున్నే ఏమీ ఎరగనట్టు చూసింది.

మార్చి 16

ఇప్పుడు చేతులకి అలవాటైంది. పట్టీల కింద నుంచి డైపర్ దూర్చడం వచ్చింది. మోకాళ్ళ వెనక మడతలు, మెడ కింద మడతలు తుడిచి ఆరనివ్వడం వచ్చింది. పాదాలకి పట్టీ ఒరుసుకోకుండా మెత్తటి మేజోళ్ళు కుట్టాను. ఎత్తుకునేటప్పుడు పొట్టకి ఆనించుకుని, కాళ్ళు రెండు పక్కలకీ ఉండేలా ఎత్తుకోవాలి. చెట్టుని పట్టుకున్నట్టు పట్టుకుంటుంది.

బావగారికి మనసు కుదురుగా లేదు. నలభై ఏళ్ళు ఊళ్ళో పిల్లలందరినీ నిటారుగా నిలబెట్టాను, నా మనవరాలు దొడ్డికాళ్ళేసుకుని నడిస్తే నలుగురూ నా మొహాన నవ్వరా అన్నారు. అమ్మాయి టిఫిన్ డబ్బా సర్దుకుంటూ, ముందు నడవనివ్వండి మావయ్యా, ఎలా నడుస్తుందో తర్వాత తీరిగ్గా ఏడుద్దాం అంది. ఊరికే అన్నానమ్మా అన్నారు బావగారు.

నోటితో బ్యాండు వాయిస్తారు ఆయన. డప్పు, బూర, తాళాలు, అన్నీ ఆ నోరే. పాప పడీపడీ నవ్వుతుంది. నన్ను చూస్తే నవ్వదు. లెక్క తప్పిన మనిషిని చూసినట్టు చూస్తుంది.

ఏప్రిల్ 2

షాపులో కరెంటు పోయింది. ఇస్త్రీ పని ఆగింది. తొందరగా ఇంటికొచ్చాను. మెట్ల మీద చెప్పులు విడిచి తలుపు తోశాను. గడియ వేసి లేదు.

పాప భోజనాల బల్ల మీద ఉంది. కింద దుప్పటి. ఒంటి మీద పట్టీలు లేవు. అవి కుర్చీకి తగిలించి ఉన్నాయి. బావగారు పాప కాళ్ళు రెండూ దగ్గరికి చేర్చి, మోకాళ్ళ దగ్గర తన పాత డ్రిల్లు బెల్టు చుట్టి, పాదాలు పట్టుకుని సాగదీస్తున్నారు. వన్ టూ, వన్ టూ అంటున్నారు. ఎంతో ముద్దుగా అంటున్నారు. పాప నవ్వుతోంది.

వెనక్కి నడిచి మెట్ల మీదికి వచ్చాను. అక్కణ్ణుంచి గట్టిగా దగ్గాను. లోపల గబగబా చప్పుడైంది. నేను వెళ్ళేసరికి పట్టీలు వేసి ఉన్నాయి. ఏం బావగారూ అప్పుడే వచ్చేశారు అన్నారు. కరెంటు పోయింది అన్నాను.

ఒక పట్టీ గీతకి ఇవతలే ఉంది. గీత దాకా లాగి సరిచేశాను. ఆయన చూస్తూనే ఉన్నారు. బెల్టు బల్ల కింద పడి ఉంది. దాని మీద పాప పౌడరు. అడుగున గట్టిపడిన పాత పౌడరు, పైన ఇవాళ్టిది. ఇది ఒక్కరోజు పని కాదు.

ఏప్రిల్ 2, సాయంత్రం

ఇక ఈ డైరీలో బావగారు అని రాయను. అటెన్షన్ అని రాస్తాను. పైకి పిలవక తప్పదు.

ఏప్రిల్ 3

షాపుకి తాళం వేశాను. మిషను ఇంటికి తెచ్చి హాల్లో పాప ఉయ్యాల పక్కన పెట్టాను. మోకాళ్ళు నొప్పులు, అంతదూరం నడవలేను అని అమ్మాయికి చెప్పాను. ఎన్నాళ్ళ నుంచి చెప్తున్నాను నాన్నా, ఇప్పటికైనా విన్నావు అని మురిసిపోయింది. అటెన్షన్ కూడా, ఇంకేం బావగారూ, ఇద్దరం ఒకచోట ఉంటే కాలక్షేపం అన్నాడు.

వాడి బెల్టుని కత్తెరతో ముక్కలు చేసి గుడ్డపేలికల సంచిలో వేశాను. సాయంత్రం వెతుక్కున్నాడు. నా బెల్టు చూశారా బావగారూ అన్నాడు. చూడలేదన్నాను.

ఏప్రిల్ 8

స్కాన్ తీశారు. బంతి కూర్చోలేదు. అంగుళం కూడా కదలలేదన్నట్టు మాట్లాడింది డాక్టరమ్మ.

పట్టీలు తీసేసింది. ఆరు నెలలు నిండేదాకా ఆగి, మత్తిచ్చి, చేత్తో బంతిని గిన్నెలోకి పెట్టి, రొమ్ము దగ్గర్నుంచి చీలమండ దాకా పిండికట్టు వేస్తారట. మూడు నెలలు ఉంచాలట. అప్పటికీ నిలవకపోతే కోసి సరిచేయాలట. వదిలేస్తే జీవితాంతం కుంటుతుందట, పెద్దయ్యే కొద్దీ నొప్పట.

అమ్మాయి ఒకటే అడిగింది. నడుస్తుందా అండీ అని. నడవాలనే కదమ్మా ఇదంతా అంది డాక్టరమ్మ. కొందరు పిల్లలకి పట్టీలు సరిగ్గా ఉంచినా పని చేయవు, ఇందులో ఎవరి తప్పూ లేదు, మనసులో పెట్టుకోకండి అంది.

ఆవిడకి తెలీదు. నేను మనసులో పెట్టుకున్నాను.

అటెన్షన్ గోడకి ఆనుకోకుండా నిలబడ్డాడు. వాడి మొహం చూశాను. ఏమీ తెలియలేదు. నా మొహం చూసినా ఎవరికీ ఏమీ తెలియదు. ఆ ఒక్క విషయంలో ఇద్దరం సమానం.

ఏప్రిల్ 9

అమ్మాయి స్నానాల గదిలో నీళ్ళు వదిలి ఏడ్చింది. నేనేం తక్కువ చేశాను నాన్నా అని అడిగింది. ఏం లేదమ్మా అన్నాను.

చెప్పొచ్చు. చెప్తే ఒక్కరోజు రభస. అమ్మాయి కేకలేస్తుంది, అల్లుడు తలపట్టుకుంటాడు, అటెన్షన్ సంచి సర్దుకుని తమ్ముడింటికి పోతాడు. అక్కడ సోఫాలో నిటారుగా కూర్చుంటాడు. అంతే కదా. నాకు అంత తక్కువ సరిపోదు.

ఏప్రిల్ 21

అటెన్షన్‌కి మూడు ప్యాంట్లు. మూడూ బూడిద రంగువి. మూడూ నేను కుట్టినవే. కాలేజీ రోజుల నుంచి తన నడుం కొలత మారలేదని కనబడిన వాళ్ళందరికీ చెప్తాడు. పాలవాడికి చెప్పాడు. గ్యాస్ సిలిండర్ తెచ్చినవాడికి చెప్పాడు. నా పెళ్ళినాటి కొలతే ఇప్పటికీ, తెలుసా అన్నాడు. సంతకం పెట్టండి సార్ అన్నాడు వాడు.

ఇవాళ ఒక ప్యాంటు జేబు చిరిగిందని నా దగ్గరికి వచ్చింది. జేబు కుట్టాను. తర్వాత నడుం పట్టీ వెనక విప్పాను. నడిమి కుట్టు కొంచెం లోపలికి వేసి మళ్ళీ కుట్టాను. గోరంత. పట్టీ ఎప్పటిలా మూసేసి ఇస్త్రీ చేశాను. పైకి ఏమీ కనిపించదు.

పాప తన కాళ్ళ మీద తను నిలబడేదాకా ఒక్క కుట్టు విప్పను. ఇది ఒట్టు.

మే 6

మూడు ప్యాంట్లూ అయ్యాయి. ఇంటి బట్టల ఇస్త్రీ అంతా నా చేతిలోనే ఉంది కదా. భోజనాల దగ్గర, ఈమధ్య కడుపు ఉబ్బరంగా ఉంటోందమ్మా అన్నాడు. మరి మూడోసారి వడ్డించుకుంటే ఉండదా మావయ్యా అంది అమ్మాయి.

నాకు అన్నం రుచిగా అనిపించింది.

మే 19

రెండో విడత బిగించాను. అటెన్షన్ ఇప్పుడు పొద్దున కూడా నడకకి వెళ్తున్నాడు. పార్కులో గుంజీళ్ళు తీస్తున్నాడట. ఎదురింటావిడ చూసి, మీ బావగారికి మళ్ళీ పెళ్ళి సంబంధం ఏమైనా వచ్చిందా అని నన్ను అడిగింది. తెలీదన్నాను.

పాప బోర్లా పడింది. ఎడమ కాలు కుడికాలంత విచ్చుకోవడం లేదు. డైపర్ మార్చేటప్పుడు రోజూ చూస్తాను. చూసిన ప్రతిసారీ మిషను వైపు చూస్తాను.

మే 30

రాత్రి భోజనం మానేశాడు. ఒక గ్లాసు పాలు, అంతే. అద్దం ముందు పక్కకి తిరిగి నిలబడ్డాడు. బావగారూ, మీరు అబద్ధమాడరు, నిజం చెప్పండి, లావయ్యానా అన్నాడు.

సూదిలో దారం ఎక్కించుకుంటున్నాను. ఎక్కేదాకా ఆగి, కొంచెం అన్నాను.

ఆ ఒక్క మాటకి ఎంత బలం ఉందో. ఇన్నేళ్ళూ అనవసరంగా తక్కువ మాట్లాడాను.

జూన్ 15

పిండికట్టు వేశారు.

పొద్దున పాలు పట్టకూడదన్నారు. ఆకలికి పాప తన పిడికిలే నమిలింది. ఆకుపచ్చ బట్టల నర్సు తీసుకుపోయింది. అల్లుడు లారీ ఎక్కడో వదిలేసి బస్సులో వచ్చాడు. నీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు. బిగించాడు, విప్పాడు, బిగించాడు. చివరికి అమ్మాయి సీసా లాక్కుంది.

బయటికి తెచ్చేసరికి పాప సగం పాప, సగం సున్నం బొమ్మ. రొమ్ము కింద నుంచి ఎడమ చీలమండ దాకా, కుడివైపు మోకాలి దాకా కట్టు. కాళ్ళు ఎడంగా. కాళ్ళ మధ్య అడ్డంగా ఒక కర్ర. ఎత్తుకోవడానికి కాదు సుమా, కర్ర పట్టుకుని ఎత్తకండి అని నర్సు హెచ్చరించింది. బంతి కూర్చుంది, ఇప్పటికి అంది డాక్టరమ్మ. ఇప్పటికి అన్న మాట నాకు నచ్చలేదు.

అటెన్షన్ వచ్చి కట్టుని వేలితో ముట్టుకున్నాడు. నోటితో బ్యాండు మొదలుపెట్టబోయాడు. సాగలేదు. మంచినీళ్ళు తాగొస్తానని పోయాడు.

పోయి తాగు అనుకున్నాను. మూడో విడత ఎంత లోపలికి వేయాలో అక్కడే కూర్చుని ఆలోచించుకున్నాను.

జూన్ 18

డైపర్ పెద్ద విద్య. చిన్న సైజుది కట్టు లోపలికి దూర్చాలి. దాని మీద పెద్ద సైజుది పైనుంచి కట్టాలి. ఆలస్యమైతే తడి కట్టులోకి పాకుతుంది. పాకితే వాసన. వాసన వస్తే చర్మం పాడు. కాసేపటికోసారి బోర్లా, వెల్లకిలా, పక్కకి తిప్పాలి. మడమల కింద దిండు పెట్టాలి. కాలి వేళ్ళు గులాబీ రంగులో ఉన్నాయో లేదో చూడాలి. లోపల దురద పెడితే ఏడుస్తుంది, గీకడానికి ఏమీ దూర్చకూడదు. అమ్మాయి జుట్టు ఆరబెట్టుకునే మిషను చల్లగాలికి తిప్పి కట్టు అంచు దగ్గర పెడితే ఊరుకుంటుంది.

నేను గౌన్లు కుడుతున్నాను. అడుగున బాగా వెడల్పు, పక్కన పైనుంచి కిందిదాకా బొత్తాలు. గుడి గంట బోర్లించినట్టుంది అంది అమ్మాయి. చాలా రోజుల తర్వాత నవ్వింది.

బరువు బాగా పెరిగింది. నా నడుం మోయదు. ఎత్తి దించే పని అటెన్షన్‌దే. చేయనిస్తాను. వెనకే ఉంటాను.

జూన్ 29

ఎదురింటావిడ చూడటానికి వచ్చింది. ఏ పాపం చేసిందో తల్లీ పసిది అంది.

పాప చేయలేదు అన్నాను.

ఆవిడ బిత్తరపోయి నన్ను చూసింది. తెలీదు కాక నా నోట ఇంకో మాట వినడం ఇదే మొదటిసారట.

జులై 3

మూడో విడత పూర్తి. సోఫాలో కూర్చుంటే వాడికి ఊపిరి ఆడదు. నిలబడితేనే సుఖం. అందుకే నిలబడుతున్నాడు. అటెన్షన్ తాత అన్న పేరు ఇప్పుడు సరిపోయింది.

జులై 10

నా టేపు ఎవరో చుట్టచుట్టి మిషను సొరుగులో పెట్టారు. నేను మెడలో వేసుకుంటాను, లేకపోతే మేకుకి తగిలిస్తాను. చుట్టను. అమ్మాయి సర్ది ఉంటుంది.

అటెన్షన్, ఇక నా బట్టల ఇస్త్రీ నేనే చేసుకుంటాను బావగారూ, పాపతోనే మీకు సరిపోతోంది అన్నాడు. ప్యాంట్లు నా చేతికి రావు. పోనీ. ఇప్పటికే వేసిన కుట్లు వేసినట్టే ఉంటాయి.

జులై 27

మళ్ళీ మత్తిచ్చి కట్టు మార్చారు. ఎక్స్‌రేలో బంతి గిన్నెలోనే ఉందట. కొత్త కట్టు గులాబీ రంగు. అమ్మాయి అడిగి వేయించింది.

ఆగస్టు 4

వాడు చిక్కిపోయాడు. మెడ దగ్గర చొక్కా కాలర్లో ఇంకో మెడ పడుతుంది. బుగ్గలు లోపలికి పోయాయి. అయినా ప్యాంటు బిగుతుగానే ఉంది. కూర్చుంటే గుండీ దగ్గర గుడ్డ ముడతలు పడుతోంది. నేను బిగించి నెల దాటింది. మనిషి తగ్గాడు, ప్యాంటు వదులవ్వాలి కదా. ఇది నాకు అర్థం కాలేదు.

వాడికి ఇప్పటికీ అనుమానం రాలేదు. జీవితమంతా ఈల ఊదినవాడికి ఆలోచించే తీరిక ఎక్కడ ఉంటుంది.

పాప మాత్రం వాడి బూర శబ్దానికి కట్టు మొత్తం ఊగేలా నవ్వుతోంది. నేను చాటుగా బూర ప్రయత్నించాను. పాప జాలిగా చూసింది.

ఆగస్టు 12

పాప పడుకున్నాక రాస్తున్నాను.

సాయంత్రం పాపని కింద వాకిట్లో గాలికి కూర్చోబెడదామని దించుతున్నాం. అటెన్షన్ ఎత్తుకున్నాడు. నేను దిండు పట్టుకుని వెనక. మెట్ల మధ్యలో వాడు ఆగాడు. చెవులు తెల్లబడటం వెనక నుంచి నాకు కనిపించింది. బావగారూ అని ఒక్కసారి అన్నాడు. అని, వెనక్కి వాలి మెట్టు మీద కూర్చుండిపోయాడు. నా కాళ్ళకి ఆనుకుని ఆగాడు. కళ్ళు మూతలు పడ్డాయి కానీ చేతులు వదల్లేదు. పాపని రొమ్ము మీదికి లాక్కుని రెండు చేతులూ బిగించేశాడు. పాప వాడి ముక్కు పట్టుకుని లాగుతోంది.

కేకేశాను. నా గొంతు నేనే గుర్తుపట్టలేదు. ఎదురింటావిడ పరుగెత్తుకొచ్చి పాపని అందుకుంది.

డాక్టరు చూసి, తిండి లేక వచ్చిన నీరసం అన్నాడు. అమ్మాయి ఇంటికొచ్చి ఇద్దరినీ నిలబెట్టి చెడామడా తిట్టింది. మీరు తినకుండా పడిపోతే పాపని ఎవరు ఎత్తుతారు మావయ్యా, నీకు పక్కనే ఉండి కళ్ళు కనిపించలేదా నాన్నా, ఈ ఇంట్లో పసిపిల్ల ఒక్కతే అనుకున్నాను, ముగ్గురున్నారు అంది.

వెనక్కి కాక ముందుకి వాలి ఉంటే. రాయలేను.

ఆగస్టు 13

ఒట్టు పక్కన పెట్టాను. పాప కోసం. వాడి కోసం కాదు.

వాడు స్నానానికి వెళ్ళినప్పుడు దండెం మీద ప్యాంటు తీసుకున్నాను. కొంచెం వదులు చేసి పెట్టేద్దామని నడుం పట్టీ విప్పాను.

లోపల నా కుట్టు ఉంది. బూడిద దారం, దగ్గర దగ్గరగా. దానికి ఇంకా లోపలగా ఇంకో వరస ఉంది. నల్లదారం. చేతికుట్టు. లావు సూదితో వేసింది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, మధ్యమధ్య ఈగ వాలినట్టు ముళ్ళు. నా కుట్టు కంటే రెండు వేళ్ళ లోపలికి ఉంది.

నేను వేసింది కాదు. ఈ చేతికుట్టు వాడిది. చొక్కా గుండీ ఊడితే వాడు కుట్టుకునేది ఇలాగే, ఇదే నల్లదారంతో.

మిగతా రెండు ప్యాంట్లూ తీశాను. వాటిలోనూ అంతే.

టేపు గుర్తొచ్చింది. వాడే చుట్టాడు. బెల్టు చుట్టినట్టు. నడుం కొలుచుకున్నాడు. కొలత మారలేదని తెలుసుకున్నాడు. తెలుసుకుని, నా దగ్గరికి రాలేదు. నా కుట్టు విప్పుకోలేదు. దాని లోపల తనూ కుట్టుకున్నాడు.

నాకు జాలి కలగలేదు. ఒళ్ళు మండిపోయింది. ఇది నాది. ఇందులో వాడికేం పని.

ఆగస్టు 14

మిషను మీద మూడు ప్యాంట్లూ తిరగేసి ఉండటం చూశాడు. పాప నిద్రపోతోంది. వాడు కుర్చీ లాక్కోలేదు. నిలబడే మాట్లాడాడు.

మెట్ల మీద ఆరోజు మీ దగ్గు నాకు తెలీదా బావగారూ అన్నాడు. గడియ వేసి లేదు, తలుపు తెరిచి ఉంది, నా బెల్టు మాయమైంది, నాకు తెలీదనుకున్నారా అన్నాడు. మీరు తిడతారని చూశాను, కొడతారని చూశాను, కోడలికి చెప్తారని రోజూ సాయంత్రం సంచి సర్దుకుని కూర్చున్నాను అన్నాడు. తిట్టని మనిషితో ఎట్లా వేగాలి చెప్పండి అన్నాడు.

నేను ప్యాంట్లు దగ్గరికి లాక్కున్నాను.

మా గ్రౌండులో తప్పు చేసినవాడు చుట్టూ పరుగెత్తాలి, ఎన్ని చుట్లు అని నేను చెప్పేవాణ్ణి కాదు, నేను చాలు అనేదాకా పరుగెత్తాలి, అంతే అన్నాడు. మీరు చాలు అనలేదు కదా బావగారూ. మీ చెయ్యి సుతారంగా ఉంది, గోరంత గోరంత బిగించారు. నేను చేసినదానికి అది సరిపోదనిపించింది, నేనే కొంచెం కలిపాను అన్నాడు.

కోడలికి ఎందుకు చెప్పలేదు అన్నాను.

చెప్తే ఏడుస్తుంది, ఏడ్చి మళ్ళీ నాకు అన్నం పెడుతుంది, ఆ అన్నం ఎట్లా తినమంటారు అన్నాడు.

మిషను చక్రం ఒక చుట్టు తిప్పాను. తినండి అన్నాను. మూడు పూటలా తినండి, పాపని ఎత్తాలి. బిగువు సంగతి వేరు.

తలూపాడు. ప్యాంట్లు అలాగే మూసేసి ఇచ్చాను. సాయంత్రం అట్లు నాలుగు తిన్నాడు. తిన్నాక కూర్చోలేక వాకిట్లో పచార్లు చేశాడు.

సెప్టెంబరు 14

కట్టు కోసేశారు. రంపం చప్పుడుకి పాప కంటే వాడు ఎక్కువ ఉలిక్కిపడ్డాడు.

కాళ్ళు బయటికొచ్చాయి. పుల్లల్లా ఉన్నాయి. చర్మం పొట్టు పొట్టుగా రాలింది. కదపడం మరిచిపోయి అలాగే ఎడంగా పెట్టుకుని కెవ్వున ఏడ్చింది, ఎవరివో కాళ్ళు తనకి అతికించినట్టు. బంతి గిన్నెలోనే ఉంది, గిన్నె కూడా లోతవుతోంది అంది డాక్టరమ్మ. ఇప్పటికి అనలేదు. ఇక పడుకున్నప్పుడు మాత్రం కాళ్ళు ఎడంగా పట్టి ఉంచే బ్రేస్ ఒకటి పెట్టాలి.

ఇంటికొచ్చి తొట్టిలో నీళ్ళు పోశాం. మొదటి స్నానం లాంటిది. అమ్మాయి పోసింది, నేను వీపు పట్టుకున్నాను. అటెన్షన్ గుమ్మం దగ్గరే ఆగాడు. రండి మావయ్యా, కాళ్ళు పట్టుకోండి అంది అమ్మాయి. నా చేతులు గరుకమ్మా అన్నాడు. ముట్టుకోవడానికి భయపడుతున్నాడు. భయపడనీ.

అక్టోబరు 20

వాడు రోజూ బ్రేస్ పెట్టే వేళకి గడియారం ముందు నిలబడతాడు. ఒక్క నిమిషం దాటనివ్వడు. టైమైంది బావగారూ అంటాడు. పెట్టేది మాత్రం నన్నే పెట్టమంటాడు. పట్టీ గీత దాకా వచ్చిందా అని వంగి చూస్తాడు. వంగలేడు. అయినా చూస్తాడు.

నవంబరు 30

పాకుతోంది. ఎడమ కాలు కొంచెం వెనకబడుతోంది. పాకడం మాత్రం ఆపదు. గుడ్డపేలికల సంచి కుమ్మరించింది. అందులోంచి బెల్టు ముక్క ఒకటి నోట్లో పెట్టుకుంది. అటెన్షన్ తీసి చూశాడు. నా వైపు చూశాడు. తుడిచి మళ్ళీ సంచిలోనే వేశాడు.

జనవరి 11

ఈ ఏడు బొత్తాల కంపెనీ వాళ్ళు డైరీ ఇవ్వలేదు. పాతదాంట్లో ఖాళీ పేజీలున్నాయి. ఎక్స్‌రే బాగుందట. నిలబడటానికి తొందరపెట్టకండి, దానంతటదే లేస్తుంది అంది డాక్టరమ్మ.

వాడు తొందరపెట్టడం లేదు. నేనే రోజూ చూస్తున్నాను.

ఫిబ్రవరి 27

పాప లేచి నిలబడింది. బావగారి ప్యాంటు పట్టుకుని. ఆయన ఊపిరి కూడా తీయలేదు, పాప మళ్ళీ కూర్చునేదాకా.

మధ్యాహ్నం మూడు ప్యాంట్లూ తీసుకున్నాను. నల్లదారమంతా లాగేశాను. రెండు ప్యాంట్లలో నాది కూడా విప్పాను. ఒకదాంట్లో ఉంచేశాను.

ఏ ప్యాంటులోనో ఆయనకి చెప్పను.